నీళ్లు వదలమన్న మాట

నాకు రాయడం రాదు, చెప్పడం వచ్చు. ఆసుపత్రుల్లో కోడింగ్ పనికి కొత్తగా వచ్చే పిల్లలకు వినిపించడానికని, నేను చెబుతుంటే మా కోడింగ్ అమ్మాయి రాస్తోంది. నా మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటానంది. దిద్దుకోమన్నాను. ఎవరెవరు ఏమన్నారో ఆ మాటల్ని మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకంటే ఈ సంగతంతా ఒక్క మాట దగ్గర పుట్టింది. ఆ మాట మారిస్తే సంగతే ఉండదు.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆయాగా పనిచేశాను. మా ఆయన పోయిన తరువాత చేరాను, మోకాళ్లు మొండికేశాక మానేశాను. మొదట్లో ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని, లేవలేనివాళ్ల గుడ్డలు మార్చేదాన్ని. మెట్లు ఎక్కి దిగే ఓపిక ఉందని కనిపెట్టి ఫైళ్లు మోసే పని కూడా నాకే అంటగట్టారు. వార్డు పై అంతస్తులో. కోడింగ్ గది కింద, మందుల దుకాణం వెనక. రోగి మంచం మీద పడుకునే ఉంటాడు గానీ అతని ఫైలు కాలు నిలవదు. దానితోపాటు నేనూ. "ఫైళ్లవ్వ" అని పేరు పడిపోయింది. ఆ ఫైళ్లలో ఏముందో మాత్రం నాకు తెలియదు. పేరు గీస్తాను, అంకెలు గుర్తుపడతాను, అంతే నా చదువు. పెండ్లి ఊరేగింపులో లైటు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లుంటారు చూడండి, వెలుతురంతా వెనకవాళ్లకే. అట్లా ఉండేది నా మోత.

కోడింగ్ అంటే మీకు నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు చాలామంది పిల్లలు ఆ కోర్సే చదువుతున్నారట. మా ఆసుపత్రికి మాత్రం ఆ పని అప్పుడు కొత్త. మా కోడింగ్ అమ్మాయి పెద్దకొడప్‌గల్ దిక్కు పిల్ల, హైదరాబాదులో నేర్చుకుని వచ్చింది. ఆదివారం తల్లితో చర్చికి పోయేది, మిగతా రోజులన్నీ ఆ కిటికీ లేని గదిలో కంప్యూటరుకు ఎదురుగా కూర్చునేది. మొదటిరోజే అడిగాను.

"ఏం జేస్తవ్ బిడ్డా, గీ గదిల కూసోని?"

"జబ్బులకు నంబర్లు పెడుత అవ్వా. ఊరికి పిన్‌కోడ్ ఉంటది సూడు, గట్ల."

"అయితే జబ్బుకు ఉత్తరం రాస్తరా?"

"రాస్తరు మరి. సర్కారు కార్డు మీద వచ్చినోళ్లకు గీ నంబర్లు పోతేనే, ‘సరే, వైద్యం జెయ్యుండ్రి’ అని అవుతలకెళ్లి జవాబొస్తది."

ఆ పిల్లకు ఒక మొండితనం ఉండేది. డాక్టరు చేత్తో రాసింది తప్ప తన బుర్రలోంచి ఒక్క ముక్క కలపదు. తెలిసినా కలపదు. తెలిసి కూడా నోరు మూసుకోవడమే తన పనిలో కష్టమని చెప్పేది. మా ఇండ్లలో కోడళ్లకు అది కొత్తగా నేర్పే పని కాదన్నాను. గలగలా నవ్వింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

చలి మొదలైన రోజులు. ఎల్లారెడ్డి పక్క పల్లె నుంచి ఒకాయన్ని ఆటోలో తెచ్చారు. నా ఈడువాడే. మా పుట్టిల్లు కూడా ఆ దిక్కే కాబట్టి ఆయన్ని అన్నా అన్నాను, ఆయన భార్యను వదినా అన్నాను. వరస కలుపుకుంటే గుడ్డలు మార్చేటప్పుడు వాళ్లకు సిగ్గు తగ్గుతుంది, నాకు రోత తగ్గుతుంది. పనిలో నేను నేర్చుకున్న మొదటి కిటుకు అదే.

మొక్కజొన్న చేనుకు అడవి పందుల బెడద ఉంటే మంచె మీద కావలి పడుకున్నాడట. మంచు పట్టింది, జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది. ఊళ్లో సూదులు వేయించుకుంటూ నెట్టుకొచ్చాడు. మా దగ్గరికి వచ్చేసరికి మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు. ఎక్స్‌రే తీస్తే ఒక పక్క తెల్లగా ముసుగేసినట్టు ఉందన్నారు. మేం నెమ్ము అంటాం, చదువుకున్నవాళ్లు న్యుమోనియా అంటారు. దానికి తోడు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని పెద్ద డాక్టరు సారు చెప్పారు. సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకు పంపారు.

నీరు చేరిందనే మాట విన్నదే తడవు, వదిన చేసిన మొదటి పని ఆయన నీళ్ల సీసా తీసి చీర కుచ్చిళ్ల వెనక దాచడం.

"బోరు కాడ కూసోని గటగట తాగుతడు వదినా. ఆగి తాగయ్యా అంటె ఇంటడా? ఇప్పుడు సూడు, అన్నీ ఆడికే పోయినయ్."

"తాగిన నీళ్లు ఆడికెందుకు పోతయే?" అని ఆయన మంచం మీంచి.

"నోరు మూస్కో. నీకేమెర్క?"

ఆయన నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. మా మలయాళం సిస్టర్ వచ్చి ఆ సీసా బయటికి తీయించింది. ఈ సిస్టర్ గురించి చెప్పాలి. కేరళ పిల్ల. మా ఆసుపత్రికి వచ్చినప్పుడు తెలుగులో ఒక్క ముక్క తెలియదు. టీవీ సీరియళ్లు చూసి, రోగులతో మాట్లాడి నేర్చుకుంది. నేర్చుకున్న మాటను ముత్యంలా ఏరి, ఒక్కొక్కటీ విడివిడిగా పలికేది. నన్ను అమ్మా అనేది. పసిపిల్లలకైనా ముసలివాళ్లకైనా సూది గుచ్చే ముందు తన అరచేతిని ఊది వెచ్చజేసుకుని వాళ్ల చేయి పట్టుకునేది. అంత మెత్తని చేయి నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజే కోడింగ్ అమ్మాయి నన్ను పిలిచి ఫైలు నా చేతిలో పెట్టింది.

"అవ్వా, సారు ఒక కాడ న్యుమోనియా అని రాసిండు, ఇంకో కాడ నీరు అని రాసిండు. ఆ నీరు దీంతోనే వచ్చిందని ఏడ రాయలే. నీరు గుండె జబ్బుతోని రావచ్చు, టీబీతోని రావచ్చు. ఒక్కోదానికి ఒక్కో నంబరు. జర సారుతోని రాయించుకరా."

పైకి వెళ్లి చెప్పాను. సారు చూసే రోగుల వరస తలుపు బయటిదాకా ఉంది.

"నెమ్ముకు నీరు రాక పాలొస్తాయా? ఆ పిల్లకు ఆ మాత్రం తెలియదా?" అన్నారు.

కిందికి దిగి చెప్పాను. "తెలుసని చెప్పు. తెలుసుడు వేరే, రాసుడు వేరే" అంది. మళ్లీ పైకెక్కాను.

"ఆమెకు తెల్సంట సారూ. తెల్సినా రాయదంట. మీరే రాయాల్నంట."

సారు నా మోకాళ్ల దిక్కు చూశారు. జాలిపడ్డారో, విసుగొచ్చిందో, ఫైలు లాక్కుని ‘నెమ్ము వల్ల వచ్చిన నీరు’ అని వాళ్ల భాషలో ఒక గీత రాశారు. ఒక్క గీత. దానికోసం నా ప్రాణం తీశారని మెట్ల మీద ఇద్దరినీ తిట్టుకున్నాను. ఆ ఒక్క గీత ఉండబట్టే గొట్టం వేయడానికి అనుమతి త్వరగా వచ్చిందని తరువాత తెలిసింది. అప్పుడు తిట్లు వెనక్కి తీసుకున్నాను, ఒకటి రెండు తప్ప.

గొట్టం సంగతి చెబుతాను. చుట్టూ చేరిన నీరు ఎక్కువైంది, మందులతోనే ఇంకిపోయేలా లేదు. చంక కింద పక్కటెముకల నడుమ గొట్టం పెట్టి, ఆ నీటిని సీసాలోకి దించాలి. మర్నాడు పొద్దున చేద్దామని సారు నిర్ణయించారు. ఇంటివాళ్లకు చెప్పి కాగితం మీద వేలిముద్ర తీసుకోమని మలయాళం సిస్టర్‌కు అప్పజెప్పారు. ఆ సమయానికి నేను కింద ఉన్నాను. నా డ్యూటీ అయిపోయింది, ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి గేటు దగ్గర ఆటో నిలబడి ఉంది. దానిలో అన్న, దుప్పటి కప్పుకుని, ముందుకు వంగి రొప్పుతున్నాడు. వదిన గిన్నెల సంచి ఎక్కిస్తోంది. వాళ్ల ఊరివాడొకడు, ఆటో నడిపే అతనే, తొందరపెడుతున్నాడు.

"ఏంది వదినా, యాడికి?"

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఏడుపు లేదు, మొహం ఎండిపోయి ఉంది.

"ఇంక ఏముంటం వదినా. నీళ్లొదులుకొమ్మన్నరు. ఇంటికాడ, మనోళ్ల నడుమ పోనీ."

చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు. మా దిక్కు ఒక మనిషికి నీళ్లొదిలారంటే ఆ మనిషి మీద ఆశ వదులుకున్నారని. పోయినవాళ్లకు వదిలే నీళ్లవి. ఇక మనవాడు కాడు అనుకోవడం. నేను ఒక్క మాట అడగలేదు. ఏమని అడుగుతాను? పెద్దవాళ్లు, చూసి ఉంటారు, చేతులెత్తేసి ఉంటారు అనుకున్నాను. ఆసుపత్రిలో అలాంటివి చూడనిదాన్ని కాదు. ఆయన కాళ్ల మీద దుప్పటి సర్ది, ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తరువాత చీపురు పట్టుకున్నాను.

పైన వార్డులో ఎవరి ఊహ వాళ్లు చేస్తున్నారు. గొట్టం అంటే జడిసి పారిపోయారని ఒకరు, నాటువైద్యుడి దగ్గరికి పోయి ఉంటారని ఒకరు. "పల్లెటూరోళ్లు గట్లనే ఉంటరు" అన్నాడు లెక్కలు చూసే అతను. అతనిది మాత్రం పెద్ద పట్నమేం కాదు, నస్రుల్లాబాద్ పక్కనే. ఫైలు చివరి పేజీలో ‘తమ ఇష్టంతో వెళ్లిపోయారు’ అని రాసి నా చేతికిచ్చారు. తీసుకువెళ్లి కోడింగ్ గదిలో బల్ల మీద పెట్టి తిరిగి వస్తున్నాను.

"అవ్వా, ఆగు. ఎందుకు పోయిన్రు?"

"రాసి ఉన్నది గద."

"ఇష్టంతో పోయిన్రని ఉన్నది. ఎందుకో లేదు. ఇప్పుడే ఆయన నీళ్ల పరీక్ష వచ్చింది సూడు. చీము తిరుగుతున్నది. గొట్టం ఏస్తే లేచి కూసునే మనిషి. గిప్పుడెందుకు పోయిన్రు?"

నాకు ఒళ్లు మండింది. "ఎందుకంటవేంది? మీరే గద నీళ్లొదులుకొమ్మన్నరు!"

"ఎవరన్నరు?"

"ఆయన పెండ్లామే చెప్పింది, గేటు కాడ. నీళ్లొదులుకొమ్మన్నరట."

ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. నా మొహంలోకి చూసింది, మళ్లీ ఫైలు చూసింది. ఇద్దరికీ ఏదో తెలిసీ తెలియనట్టు ఉంది. వార్డుకు ఫోను చేసి మలయాళం సిస్టర్‌ను కిందికి పిలిపించింది.

"సిస్టర్, నిన్న ఆ అవ్వకు ఏం చెప్పిన్రు? మీరు ఏ మాట అన్నరో గదే మాట చెప్పున్రి. మార్చకున్రి."

సిస్టర్ గుర్తు తెచ్చుకుని, ఎప్పటిలాగే ఒక్కో ముత్యం ఏరి చెప్పింది.

"నీళ్లు వదిలేయాలి, అని చెప్పాను. రేపు పొద్దున్న వదిలేస్తాం. మీరు ఒప్పుకుంటే ఇక్కడ వేలిముద్ర వేయండి."

నేను కింద కూర్చుండిపోయాను. పొలంలో నీళ్లు వదులుతాం, కాలువకు నీళ్లు వదులుతాం, ఆమె ఆ మాటే ఎక్కడో విని నేర్చుకుంది. తప్పేముంది? భర్త ఊపిరికోసం కొట్టుకుంటుంటే పక్కన కూర్చున్న ఆడదానికి మాత్రం అది ఇంకో మాటగా వినబడింది. రేపు పొద్దున వదిలేస్తాం, ఒప్పుకుంటే వేలిముద్ర వేయి! నాకైతే చేయి కాలినట్టు ఉండేది. సిస్టర్‌కు విడమరిచి చెప్పాం. ఆమె ఏడవలేదు. టోపీ పిన్నులు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ ఒక్కొక్కటీ పెట్టుకుంది.

ఫైల్లో ఉన్న ఫోను నంబరు వదిన తమ్ముడిది, డోంగ్లిలో ఉంటాడు. నా చేతికే ఇచ్చారు మాట్లాడమని.

"ఆస్పత్రికెళ్లి మాట్లాడుతున్న అయ్యా. మీ బావను జల్ది మల్ల తోల్కరమ్మను. ఆయనకు నయమైతది."

"ఎవలమ్మా నువ్వు? రాత్రేమో నీళ్లొదులుకొమ్మంటిరి, పొద్దుగాల నయమైతదంటిరి. మనుషులతోని ఆటలాడుతున్రా? నేను కడసూపుకు బయలెల్లుతున్న, ఫోన్ వెట్టు." పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆయన కోపం న్యాయమే. కానీ వదిన దగ్గర ఫోను లేదు. ఇక మనిషే పోవాలి.

పెద్ద డాక్టరు సారుకు చెప్పాం. సిస్టర్‌ను తిడతారని నేను మధ్యలో నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. పరీక్ష కాగితం చూస్తూ, "ఇప్పుడైతే గొట్టంతో పోతుంది. ఆలస్యమైతే చీము గడ్డకడుతుంది, కోసి తీయాల్సి వస్తుంది. అప్పటిదాకా ఆ మనిషి ఉంటాడని కూడా నేను చెప్పలేను" అన్నారు. కాగితం మడిచి, "చెప్పవలసింది నేను. పని తొందరలో ఆమెకు అప్పజెప్పాను" అన్నారు. ఆసుపత్రి బండి, డ్రైవరు, ఆక్సిజన్ సిలిండరు ఇచ్చి నన్నూ సిస్టర్‌నూ పంపారు. ఆమెను రావద్దన్నాను, వాళ్లు ఏమంటారోనని. ఆమె అప్పటికే బండిలో కూర్చుంది.

లింగంపేట దాటాక ఆమె మెల్లగా అడిగింది.

"అమ్మా, నీళ్లు తీస్తాం అంటే బాగుంటుందా?"

"తీసుడంటే పానం తీసుడు గూడ ఉన్నది బిడ్డా."

"నీళ్లు పోయిస్తాం?"

"అది స్నానం. సచ్చినోళ్లకు గూడ పోస్తరు."

"నీళ్లు దించుతాం?"

"మంచం మీదికెళ్లి కిందికి దించుడంటే ఇంకా ఖరాబు."

"అయ్యో దేవుడా, మీ తెలుగులో బతికి ఉన్నవాళ్లకు మాటలు లేవా?"

డ్రైవరు ముందు నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేనూ నవ్వాను. గుండెలో గుబులు ఉన్నప్పుడు వచ్చే నవ్వు అది, కడుపు నొప్పి పుట్టింది. "మాటలెందుకు బిడ్డా, సెయ్యి వెట్టి సూపియ్యి" అన్నాను.

ఇంటి ముందు చెప్పులు చూడగానే మా నవ్వు పోయింది. ఊరివాళ్లు చూడటానికి వచ్చిపోతున్నారు. ముందు గదిలో మంచం మీద అన్న ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు కదా. వదిన మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. ఒక ముసలాయన, అన్నకు పెద్దనాయన కొడుకట, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం సిస్టరమ్మా, ఇంటిదాక వచ్చినవ్? మీ ఆస్పత్రిల మంచాలు నిండుతలేవా?"

సిస్టర్ చెప్పులు విడిచి, చేతులు జోడించింది. ఆయన్ని దాటుకుని వెళ్లలేదు. అక్కడి నుంచే వదినతో మాట్లాడింది.

"అవ్వా, నేను వదలమన్నది నీళ్లని. మనిషిని కాదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె ముందుకు వచ్చి, తన చంక కింద వేలు పెట్టి చూపించింది. ఇక్కడ గొట్టం. అక్కడి నుంచి వేలు కిందికి జార్చి, నేల మీద సీసా ఉన్నట్టు రెండు చేతులతో చూపించింది. ఇక్కడికి నీళ్లు. తరువాత నిండుగా ఊపిరి పీల్చి వదిలింది. మూగవాళ్లు చెప్పుకున్నట్టు చెప్పింది. గది నిండా మనుషులు ఆమె వేలు ఎటు పోతే అటు చూశారు.

మంచం మీంచి అన్న నోరు విప్పాడు. ఊపిరికీ ఊపిరికీ నడుమ ఒక్కో మాట.

"అంటే... నాకు... నీళ్లొదల్లేదా?"

"లేదన్నా."

"మరి... గీళ్లంత... ఎందుకొచ్చిన్రే?"

వెనకాల ఎవరో ఆడమనిషి కిసుక్కుమని, వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో ముసలాయన మాత్రం ఇంకా మెత్తబడలేదు. ఇంకోసారి నమ్మి పోయి, దారిలో పోతే ఎవరు జవాబు చెబుతారన్నాడు. ఆయన అన్నదీ నిజమే. దారిలో ఏమైనా కావచ్చు. వదిన నా దిక్కే చూస్తోంది. ఆమె చూపు తట్టుకోలేక నేను నాకు తెలిసింది చెప్పాను.

"వదినా, నా పెనిమిటి గిట్లనే పోయిండు. గిదే దగ్గు, గిదే ఆయాసం. జరమని కాయితం మీద రాసిన్రు, ఏం జరమో ఎవ్వలకెర్క లేదు. పోయి తోల్కరాండ్రని మా ఇంటికి ఒక్క మనిషి రాలే. నీ ఇంటికి బండి వచ్చింది. ఇంక నీ ఇష్టం."

చెప్పాక నాకే సిగ్గేసింది. పరాయివాళ్ల చావు ముంగిట్లో మా ఇంటి చావు గురించి ఎత్తినట్టు. వదిన మంచం కోడు వదిలి లేచింది. గోడకున్న మేకుకు తగిలించిన ఆయన అంగీ తీసింది.

"సెయ్యి ఇటియ్యి" అంది ఆయనతో. "లే. ఏంది కూసున్నవ్, వచ్చినోళ్లందరికి నీ మొకం సూపుకుంట."

ఆ ముసలాయనే ఆయన్ని అవతలి పక్క పట్టుకుని బండి ఎక్కించాడు. ఎక్కించి, సిస్టర్‌తో, "తిరిగి నువ్వే తోల్కరావాలె" అన్నాడు. ఆమె తలూపింది. దారి పొడుగునా ఆక్సిజన్ ముసుగు చేత్తో పట్టుకుని కూర్చుంది, దానికి తాళ్లు ఉన్నా సరే.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు సారు తయారుగా ఉన్నారు. ఈసారి కాగితం పట్టుకుని ఆయనే వదిన పక్కన స్టూలు మీద కూర్చున్నారు. చెప్పాక, "ఏమర్థమైందో ఇప్పుడు నాకు చెప్పండి అవ్వా" అన్నారు. ఆమె సిస్టర్ చూపించినట్టే తన చంక కింద వేలు పెట్టుకుని, కిందికి జార్చి చూపించింది. అప్పుడు వేలిముద్ర వేసింది. గొట్టం పడింది. మబ్బుపట్టిన పసుపు నీరు సీసాలోకి దిగుతుంటే వదిన వంగి చూసి, "గిన్ని నీళ్లు వెట్టుకొని పందులను కొట్టవోయినవా?" అంది.

కింద కోడింగ్ గదిలో ఇంకో తిప్పలు వచ్చింది. పొద్దున ఇష్టంతో వెళ్లిపోయిన మనిషి, అదే రోజు అదే జబ్బుతో మళ్లీ ఎందుకు చేరాడని సర్కారు కార్డు పథకంవాళ్లు అడిగారట. ఆ పిల్ల తన బుర్రలోంచి జవాబు పెట్టదు కదా. మళ్లీ నన్ను మెట్లెక్కించింది. సారు ఈసారి పాలూ నీళ్లూ అనలేదు. కూర్చుని రాశారు. ఏం రాశారో ఆ పిల్ల నాకు చదివి వినిపించింది: చికిత్స గురించి మేము చెప్పిన మాట తప్పుగా అర్థమై కుటుంబం వెళ్లిపోయింది, మేమే వెళ్లి తీసుకువచ్చాం. ఎవరి పేరూ పెట్టలేదు. ‘మేము’ అని రాశారు. నాకు చదువు లేకపోయినా ఆ మాట విలువ తెలిసింది.

మీరు కొత్తగా పనిలోకి వస్తున్నారు. మంచి మంచి యంత్రాలు వచ్చాయి, మాట అంటే మాట రాసేస్తాయట. నేను చెప్పేది చిన్న సంగతి. ఎదుటి మనిషి చేయి వెనక్కి తీసుకుంటే, ఊరకే తీసుకున్నాడని రాయకండి. ఏం వినబడిందో అడగండి. మా సిస్టర్ ఆ తరువాత ప్రతి కొత్త మాటకూ నన్ను పిలిచి, "అమ్మా, దీనికి చావు అర్థం ఉందా?" అని అడిగేది. సగం మాటలకు ఉండేది, ఏం చేస్తాం.

గొట్టం వేసిన మర్నాడు మధ్యాహ్నం. కోడింగ్ అమ్మాయికి ఆ ఫైలు కావాలంటే తేవడానికి పైకి వెళ్లాను. వార్డంతా భోజనాలు చేసి మాగన్నుగా ఉంది. అన్న వెనక్కి ఒరిగి పడుకుని ఉన్నాడు. వచ్చిన దగ్గర నుంచి ఆయన వీపు పరుపుకు ఆనడం చూడటం అదే మొదటిసారి. వదిన మంచం కింద చాప మీద, గిన్నెల సంచి తలకింద పెట్టుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. నేను చప్పుడు కాకుండా ఫైలు తీసుకుని తిరిగాను.

వదిన దిగ్గున లేచి కూర్చుంది. ఎందుకు లేచిందో నాకు మొదట అర్థం కాలేదు. ఎవరూ పిలవలేదు, ఏమీ పడలేదు. తరువాత తెలిసింది. ఆ రొప్పు ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన మనిషి, చప్పుడు లేకపోయేసరికి మేలుకుంది. మంచం మీదికి పాకి, రెండు చేతులతో ఆయన్ని పట్టి ఊపేసింది.

"ఓయ్! ఏమయ్యా! ఓయ్!"

ఆయన కళ్లు తెరవలేదు. నేను సిస్టర్‌ను కేకేయబోయాను.

"ఏందే ముసల్దానా," అన్నాడు, ఒక్క ఊపిరిలో, ఎక్కడా ఆగకుండా, "ఇన్నొద్దులకు జర కన్నంటుకుంటె పండనియ్యవా?"

"సచ్చినవనుకున్న గద!"

"సస్తె నీకు జెప్పనా?"

"చెప్తవ్! ఎన్నడన్న ఏదన్న చెప్పి చేసినవా? మంచెక్కేటప్పుడు చెప్పినవా? చద్దరు తీస్కపొమ్మంటె తీస్కపోయినవా?"

"మొదలువెట్టింది..."

ఆమె ఏడుస్తూ తిడుతోంది, తిడుతూ ఆయన దుప్పటి సర్దుతోంది. ఆయన కళ్లు మూసుకునే జవాబు చెబుతున్నాడు. నేను తలుపు పక్కన నిలబడిపోయాను. అలా ఎదురు తిట్టే గొంతు మా ఇంట్లో ఆగిపోయి చాలా ఏండ్లయింది. ఫైలు గుండెలకు అదుముకుని వింటున్నాను.

కింద నుంచి ఫోను వచ్చింది.

"అవ్వా, ఏడున్నవ్? ఆ ఫైలేది?"

"నా సేతులనే ఉన్నది."

"మరి తేవే జల్ది, పంపాలె."

"ఆగు బిడ్డా," అన్నాను. "ఇంకా తిట్టుకుంటున్రు. జరసేపు ఇననియ్యి."